తడి ఉన్న చోటే బ్రాహ్మి: సికింద్రాబాద్ పెరటి నేలకు ఏ మొక్క తగును?

సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో ఆకుకూరల గంపల మధ్య నడిచేవారికి పొన్నగంటి కట్టలు కొత్త కాదు. అది కూరగా ఎంత తెలిసినదో, నేలను పరుచుకుని పాకే మొక్కగా అంత తెలియదు. చెరువు గట్ల మీద, పొలం కాలువల పక్కన దానికి తోడుగా పెరిగే నీటి బ్రాహ్మి, సరస్వతి ఆకు, బొక్కెన కూడా అలాంటివే. ఒక్కసారి వేళ్లూనితే ఏళ్ల తరబడి బతుకుతాయి, జానెడు ఎత్తు దాటకుండా పాకుతాయి, పూస్తాయి. ఇదే మార్కెట్ చుట్టుపక్కల మారేడుపల్లి, పద్మారావు నగర్, సీతాఫల్‌మండి ఇళ్లలో మిగిలిన కాస్త మట్టి మీద మాత్రం ఇవి ఉండవు. అక్కడ లాన్ గడ్డి ఉంటుంది, లేదా టైల్స్ ఉంటాయి.

ఆ కాస్త మట్టిని పచ్చగా, పూలతో, తక్కువ శ్రమతో కప్పి ఉంచడానికి మన మొక్కల్లో ఏది తగును? ముఖ్యంగా, తడిని కోరే నీటి బ్రాహ్మిలాంటి మొక్కను వేసవిలో నీళ్ల ట్యాంకర్ల కోసం ఎదురుచూసే నగరంలో పెంచడం సబబేనా? సబబే, కానీ ఒక షరతు మీద. ఇంట్లో ఇప్పటికే వృథాగా పోతున్న తడి ఉన్న చోటే దాన్ని నాటాలి. దాని కోసమని కొత్తగా నీళ్లు తెచ్చి పోయకూడదు. ఈ షరతును పక్కన పెడితే ఇది లాన్ కంటే మెరుగైనదేమీ కాదు.

లాన్ ఎక్కడి నుంచి వచ్చింది

సికింద్రాబాద్‌కు ఆ పేరు 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద వచ్చింది. కంటోన్మెంట్‌తో పాటు పెద్ద కాంపౌండ్ల బంగళాలు వచ్చాయి, బంగళాలతో పాటు వాటి ముందు కత్తిరించిన పచ్చిక వచ్చింది. ఏడాది పొడవునా సన్నని వాన కురిసే చల్లని దేశంలో పుట్టిన అలవాటు అది. మనకు ఏటా పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. మిగతా ఎనిమిది నెలలూ పచ్చికను బతికించేది గొట్టంలోని నీరే. బంగళాల స్థానంలో అపార్టుమెంట్లు లేచాక కూడా గేటు పక్కన నాలుగు గజాల లాన్ వేయడం మర్యాదగానే మిగిలింది.

నేల స్వభావం కూడా చూడాలి. మన ఎర్ర నేలలు గ్రానైట్ రాయి చివికి తయారైనవి. వాటిలో ఇసుక పాలు ఎక్కువ కాబట్టి నీరు త్వరగా ఇంకిపోతుంది. రోహిణి కార్తెలో 40 డిగ్రీలు దాటిన ఎండకు పై పొర సాయంత్రానికే దుమ్మవుతుంది. తడిని కోరే మొక్కకు సహజంగా చోటు కాని నేల ఇది. అయితే ప్రతి ఇంటి ఆవరణలోనూ ఎక్కడో ఒక మూల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు నిండి పొర్లే చోటు, కుళాయి కింద, ఆర్వో యంత్రం వదిలేసే నీరు పారే చోటు, బట్టలుతికే బండ పక్కన. గడ్డి కుళ్లి, నాచు పట్టి, కాలు జారే మూలలవి. అసలు ప్రశ్న వాటి గురించే.

నీటి బ్రాహ్మి

శాస్త్రజ్ఞులు బకోపా మొన్నియేరి అని పిలిచే ఈ మొక్క మన చిత్తడి నేలల పాత కాపు. మనతో పాటు ఆస్ట్రేలియా, అమెరికా ఖండాల్లోని వెచ్చని తడి నేలల్లోనూ పెరుగుతుంది. ఆకులు చిన్నవి, దళసరి, కణుపు దగ్గర ఎదురెదురుగా జంటగా వస్తాయి. కాండం మెత్తగా, నీరు నిండినట్టు ఉండి, నేలను తాకిన ప్రతి కణుపు దగ్గరా వేరు వేస్తుంది. ఈ ఒక్క గుణమే దాన్ని నేల కప్పే మొక్కగా నిలబెడుతుంది. ఎక్కడ తెగినా రెండు మొక్కలవుతుంది. తెల్లగా, కొన్నిచోట్ల లేత ఊదా ఛాయతో ఐదు రేకుల చిన్న పూలు పూస్తుంది. తడి తగ్గనంత కాలం పూత కూడా పెద్దగా ఆగదు.

సేద్యపు పంటగా దీని మీద మన దేశంలో మంచి పనే జరిగింది. లక్నోలోని కేంద్రీయ ఔషధ సుగంధ మొక్కల సంస్థ (సీమ్యాప్) సుబోధక్, ప్రజ్ఞాశక్తి, సీమ్-జాగృతి అనే రకాలను విడుదల చేసింది. ఆ సంస్థకు హైదరాబాద్‌లో బోడుప్పల్ దగ్గర పరిశోధనా కేంద్రం ఉంది. పంటగా పెంచేవారి అనుభవం తోటవారికీ పనికొస్తుంది. వారు దీన్ని గింజతో కాకుండా కొమ్మ ముక్కలతోనే వేస్తారు, ముక్కలను దగ్గర దగ్గరగా నాటుతారు, మొదటి నెల రోజులు కలుపు తీయడం మీదే శ్రద్ధ పెడతారు. ఒకసారి చాప కట్టాక కలుపు దానంతట అదే తగ్గుతుంది.

దీని లోపాలనూ దాచకూడదు. తొక్కిడిని ఓర్చుకోదు. పిల్లలు ఆడే చోట వారం తిరక్కుండా నలిగి నల్లబడుతుంది. చిక్కని నీడలో కాండం సాగి, ఆకు పలచబడి, పూత మానేస్తుంది. వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి వేసవిలో తడి కొన్నాళ్లు తప్పితే పై భాగం ఎండిపోతుంది. మట్టిలో దాగిన కణుపులు కొన్ని మిగిలితే తొలకరికి మళ్లీ చిగురిస్తాయి, కానీ ఆ మధ్యలో నేల బోసిగా ఉంటుంది.

తోటి మొక్కలు

నర్సరీలో సరస్వతి మొక్క అని అడిగితే చాలాసార్లు చేతికొచ్చేది నీటి బ్రాహ్మి కాదు, మొదట చెప్పుకున్న సరస్వతి ఆకు, అంటే సెంటెల్లా. రెండింటినీ బ్రాహ్మి అనే అమ్ముతారు కాబట్టి ఆకు చూసి తీసుకోవాలి. సెంటెల్లా ఆకు గుండ్రంగా, తొడిమ దగ్గర నొక్కు పడి, పొడుగు కాడ మీద విడిగా నిలబడుతుంది. దాని పూలు ఆకుల కింద దాగి, వెతికితే తప్ప కనబడవు. పూల కోసం నాటేవారిని అది నిరాశపరుస్తుంది. కానీ నీటి బ్రాహ్మి ఓడిపోయే నీడలో అది గెలుస్తుంది. రెండు అపార్టుమెంట్ల మధ్య పూట ఎండ కూడా పడని సందుల్లో, మామిడి చెట్టు కింద తేమ నేలలో దానికి సాటి వచ్చే మన మొక్క తక్కువ.

బొక్కెన తీరు వేరు. దీని శాస్త్రీయ నామం ఫైలా నోడిఫ్లోరా. చెరువు ఒడ్డున పుడుతుంది గానీ, వేళ్లు లోతుకు దిగాక ఎండను కూడా తట్టుకుంటుంది. ఓ మోస్తరు తొక్కిడిని భరిస్తుంది. ముదురు రంగు బుడిపె చుట్టూ వలయంలా విచ్చుకునే తెలుపు, గులాబీ చిన్న పూల మీద తేనెటీగలు వాలుతూనే ఉంటాయి. నెమలి కళ్ల వంటి మచ్చలున్న పీకాక్ పాన్సీ సీతాకోకచిలుక గొంగళిపురుగులు తినే మొక్కల్లో ఇదొకటి. తోటకు ప్రాణం రావాలనుకునేవారికి ఇది చిన్న విషయం కాదు. వట్టి కాళ్లతో పిల్లలు పరిగెత్తే చోట మాత్రం తేనెటీగల సంగతి గుర్తుంచుకోవాలి.

లాన్‌కు బదులుగా బొక్కెనను వాడటం ప్రపంచానికి కొత్త కాదు. కాలిఫోర్నియా తోటల్లో దీన్ని లిప్పియా పేరుతో చాలా కాలంగా పెంచుతున్నారు. జపాన్‌లో దీని నుంచి గింజ కట్టని కురాపియా అనే రకాన్ని తయారు చేశారు. 2015 ఏప్రిల్‌లో తీవ్రమైన కరువు నడుమ కాలిఫోర్నియా గవర్నర్ 5 కోట్ల చదరపు అడుగుల లాన్లను తీసివేయించి కరువును తట్టుకునే మొక్కలు వేయించాలని ఆదేశించారు. అదే సమయంలో ఆస్ట్రేలియాలోని ముర్రే-డార్లింగ్ నదీ మైదానాల్లో లిప్పియా జాతి మొక్కలు మేత భూములను ఆక్రమించి పెద్ద తలనొప్పిగా మారాయి. ఒక చోట పరిష్కారమైన మొక్క ఇంకో చోట సమస్య కాగలదు. బొక్కెన ఇక్కడ స్థానికమైనదే కాబట్టి మనకు ఆ భయం తక్కువ.

పొన్నగంటి పూలు ఆకు మొదట్లో తెల్లని చిన్న బంతుల్లా కుదురుకుంటాయి. అందానికి ఇది వెనకబడుతుంది. కాడలు చిందరవందరగా సాగుతాయి, కత్తిరిస్తూ ఉంటేనే పొందికగా ఉంటుంది. అయితే ఆ కత్తిరింపే కూర అవుతుంది. మోండా మార్కెట్‌లో కొన్న కట్టలోంచి ఆకు కోసుకున్నాక మిగిలిన ముదురు కాడలను తడి మట్టిలో గుచ్చినా వేరు పోసుకుంటాయి. ఖర్చు లేకుండా మొదలుపెట్టాలనుకునేవారికి ఇంతకంటే సులువైన దారి లేదు.

నాటకూడని రెండు

తడి మూలకు నర్సరీవాళ్లు తరచూ సూచించేది వెడీలియా. మెరిసే ఆకు, ఏడాదంతా పసుపు పూలు, ఏ నేలలో వేసినా అల్లుకుపోయే వేగం. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ప్రాంతాల నుంచి వచ్చిన ఈ మొక్క ప్రపంచంలోని 100 అత్యంత హానికర ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది. ఆవరణ గోడ దాటి నాలాలోకి ఒక్క కాడ పడితే చాలు, అక్కడి మన మొక్కలన్నిటినీ కప్పేస్తుంది. రోడ్డు విభాగినుల్లో అందంగా కనిపిస్తోంది కాబట్టి ఇంట్లోనూ వేద్దామనుకోవడం పొరపాటు. ఆ పసుపు పూలే కావాలంటే దానికి దగ్గరి చుట్టమైన, మన దేశపు పసుపు పూల గుంటగలగర ఉంది. అది కూడా తేమ నేలలో పాకుతుంది.

రెండోది పొన్నగంటికి అచ్చు పోలిక ఉన్న దక్షిణ అమెరికా మొక్క, ఎలిగేటర్ వీడ్. గుర్రపు డెక్క లాగే ఇదీ నీటి వనరులను పూడ్చే కలుపు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. పొన్నగంటి పువ్వు కాడ లేకుండా ఆకు మొదట్లోనే అతుక్కుని ఉంటుంది. ఎలిగేటర్ వీడ్ పువ్వు పొడవాటి కాడ చివర నిలబడుతుంది, దాని కాండం లోపల బోలుగా ఉంటుంది. చెరువు గట్టు నుంచి తెచ్చి నాటేవారు పూత చూడకుండా తేకూడదు.

నీళ్ల లెక్క

చర్చలో ఎక్కువమంది దాటవేసే భాగం ఇదే. 1 మిల్లీమీటరు నీరు అంటే చదరపు మీటరుకు 1 లీటరు. మే నెలలో ఇక్కడ నేల మీంచి, ఆకుల మీంచి ఆవిరయ్యేది రోజుకు 6 మిల్లీమీటర్లకు పైనే. అంటే 10 చదరపు మీటర్ల నీటి బ్రాహ్మిని పచ్చగా ఉంచడానికి రోజుకు 60 లీటర్లకు తక్కువ కాని నీరు కావాలి. లాన్ అయినా, బ్రాహ్మి అయినా నీటి ఆవిరి పెద్దగా మారదు. స్థానిక మొక్క కాబట్టి నీళ్లు అక్కర్లేదనే మాట తడి జాతుల విషయంలో నిజం కాదు. తేడా ఏమిటంటే, లాన్‌కు మంచి నీరు పోస్తాం. బ్రాహ్మి మాత్రం పారబోసే నీటితో బతకగలదు.

ఆర్వో యంత్రం ఒక లీటరు తాగునీరు ఇవ్వడానికి సాధారణంగా రెండు, మూడు లీటర్లు వదిలేస్తుంది. రోజుకు 15 లీటర్లు వాడే కుటుంబం 30 నుంచి 45 లీటర్లు వదిలేస్తున్నట్టు. పై లెక్క ప్రకారం అది నడి వేసవిలో 5 నుంచి 7 చదరపు మీటర్ల బ్రాహ్మికి సరిపోతుంది. అంతకంటే ఎక్కువ వేయకూడదు. ఆ నీటిలో లవణాలు చిక్కబడి ఉంటాయి. 600 టీడీఎస్ ఉన్న బోరు నీటిలో మూడో వంతు తాగునీరుగా విడిపోతే మిగిలినదాని టీడీఎస్ 900 దాకా పోతుంది. గులాబీలు, మల్లెలు దానికి వాడిపోతాయి. కొద్దిపాటి ఉప్పదనం ఉన్న తీర ప్రాంతపు నీటిలోనూ పెరగగల నీటి బ్రాహ్మి ఓర్చుకుంటుంది. వేసవిలో మట్టిలో చేరిన ఉప్పు వానాకాలంలో కిందికి కొట్టుకుపోయేలా నీరు దిగే దారి మాత్రం ఉంచాలి.

ఏసీ నీరు చాలు కదా అని చాలామంది అంటారు. ఏసీ గొట్టం నుంచి కారేది గాలిలోని తేమే. మన మే నెల గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అప్పుడే అది తక్కువగా కారుతుంది. మొక్కకు ఎక్కువ కావలసినప్పుడు తక్కువ ఇచ్చే వనరు మీద పూర్తిగా ఆధారపడకూడదు. వాషింగ్ మెషీన్ చివరి జాలింపు నీరు పనికొస్తుంది. సబ్బు చిక్కగా ఉన్న మొదటి నీరు, జిడ్డు నిండిన వంటింటి సింకు నీరు నేలను పాడుచేస్తాయి.

రెండు ఆక్షేపణలు

తడి నేల అంటే దోమలు కదా అన్నది మొదటి ఆక్షేపణ. మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో ఉంటుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది ఈ సికింద్రాబాద్‌లోనే, బేగంపేటలో. ఆ ఊరివాళ్లు ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. దోమ పిల్ల బతికేది నిలిచిన నీటిలో. తడిసిన మట్టిలో అది బతకదు. నీటి బ్రాహ్మికి నిలవ నీరు అవసరం లేదు, మట్టి ఆరకుండా ఉంటే చాలు. కాబట్టి మడిలో పోసిన నీరు అరగంటలో ఇంకిపోవాలి. ఇంకకపోతే ఇసుక, కంపోస్టు కలిపి నేలను గుల్ల చేయాలి. కింద పళ్లెం ఉన్న కుండీల్లో, సిమెంటు తొట్లలో నీరు నిలిపి పెంచడం మాత్రం డెంగీ దోమను పిలిచి చోటివ్వడమే.

రెండోది మందు గురించి. నీటి బ్రాహ్మిలోని బకోసైడ్లను లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనా సంస్థ వేరు చేసి అధ్యయనం చేసింది. కొలత ప్రకారం తయారు చేసిన సారాన్ని వారాల తరబడి ఇచ్చిన కొన్ని పరీక్షల్లో జ్ఞాపకశక్తికి కొంత మేలు కనిపించింది. దాని అర్థం పెరట్లో కోసిన నాలుగు ఆకులు పిల్లల మార్కులు పెంచుతాయని కాదు. పైగా ఈ మొక్క కాడ్మియం, సీసం, క్రోమియం వంటి లోహాలను నీటి నుంచి పీల్చి తనలో దాచుకుంటుంది. మురికి నీటిని శుద్ధి చేయడానికి దీన్ని పరీక్షించింది ఆ గుణం వల్లే. పీల్చిన విషం ఆకులోనే ఉంటుంది. వాడిన నీటితో, రోడ్డు పక్క మట్టిలో పెంచిన బ్రాహ్మిని చూడటానికే ఉంచుకోవాలి, నోట పెట్టకూడదు. పొన్నగంటికీ ఇదే నియమం. తినడానికైతే మంచి నీటితో, శుభ్రమైన మట్టితో విడిగా మడి కట్టుకోవాలి.

నాటే తీరు

మృగశిర కార్తెలో తొలి వానలు పడ్డాక మొదలుపెట్టడం మేలు. అన్నిటికంటే ముందు తుంగ గడ్డలు ఏరాలి. తుంగ మిగిలిన నేలలో ఏ పాకే మొక్కా గెలవదు, తర్వాత ఏరడానికి చాప అడ్డం వస్తుంది. జానెడు లోతు తవ్వి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, మడిని దారి కంటే రెండు వేళ్లు కిందికి దించాలి. అప్పుడు వాన నీరు దారి మీంచి మడిలోకి చేరుతుంది.

వేలెడు పొడవున్న, మూడు నాలుగు కణుపులున్న కొమ్మలను నిలువుగా గుచ్చకుండా పడుకోబెట్టి, సగం మట్టితో కప్పాలి. ఒక్కో ముక్కకు మధ్య 10 నుంచి 15 సెంటీమీటర్లు చాలు. వారం పది రోజుల్లో వేరు కడుతుంది. వానలు సరిగా పడితే దసరా నాటికి చాలావరకు నేల మూతపడుతుంది. ఆ లోపు కలుపును చేత్తో తీస్తూ ఉండాలి. నడవడానికి తాండూరు బండలో, షాబాద్ బండలో అడుగుకొకటి పరిస్తే తొక్కిడి సమస్య తీరుతుంది, బండ కింద వేళ్లకు చల్లదనం కూడా దక్కుతుంది. వానాకాలం ముగిశాక ఒకసారి, ఎండలు ముదరక ముందు ఒకసారి పై కాడలు కత్తిరిస్తే కొత్త చిగురు వస్తుంది. నత్తలు, మిడతలు వస్తే చేత్తో ఏరడం చాలు.

తేలినది

ఇంటి ఆవరణను ఒకే మొక్కతో కప్పాలనే ఆశను ముందు వదులుకోవాలి. ఆ ఆశ లాన్ మనకు నేర్పినదే. ఎండ, వృథా నీరు రెండూ ఉన్న మూల నీటి బ్రాహ్మిది. నీడ, తేమ ఉన్న సందు సెంటెల్లాది. ఎండ ఉండి, నీరు అప్పుడప్పుడే అందే, మనుషులు తిరిగే చోటు బొక్కెనది. వంటింటి వెనక శుభ్రమైన మడి పొన్నగంటిది. వీటిలో ఏదీ నిలవని ఎండు నేలకు విష్ణుక్రాంతం వంటి మెట్ట మొక్కలున్నాయి. అక్కడికి తడి మొక్కను లాక్కొచ్చి నీళ్లు మోయనక్కర్లేదు.

అపార్టుమెంటు సంఘాలకు చెప్పవలసిన మాట మరొకటి ఉంది. మట్టి మీద టైల్స్ వేయడానికి వారు చూపే కారణం, ఆ మూల ఎప్పుడూ తడిగా, బురదగా ఉంటుందని. ఆ తడిని తాగి, బురదను పట్టి ఉంచి, తేనెటీగలకు పూలివ్వగల మొక్కలు మన చెరువు గట్ల మీద ఎప్పటి నుంచో ఉన్నాయి. టైల్స్ వేస్తే ఆ నీరు రోడ్డు మీదికి పోతుంది, వాన నీరు నాలాకు చేరుతుంది, బోరు ఇంకాస్త లోతుకు పోతుంది. వచ్చే మృగశిరకు ముందు ప్రతి సంఘమూ తన ఆవరణలో వృథా నీరు ఎక్కడ పారుతోందో ఒకసారి నడిచి చూసుకుని, ఆ నాలుగైదు చదరపు మీటర్లనైనా సిమెంటు నుంచి కాపాడాలి. మొక్క పెద్ద ఖర్చు కాదు, నీరు ఇప్పటికే పోతోంది. కావలసింది ఆ మట్టిని మట్టిగా ఉంచాలనే నిర్ణయం.